అలంకారము – అహంకారము



స్వామివారికి అలంకారము జరుగుచున్నదని అందుము. పెండ్లికూతునకు అలంకారము చేసిరని అందుము. అదే పని మనకు గిట్టనివారు చేసికొన్నచో 'షోకు' అందుము. షోకు ఉర్దూ నుండి వచ్చిన మాట. అచ్చట దానికి మక్కువ యని అర్థము. మన నోట అది డాబునకు పేరైనది. ఇంతకును ఏది అలంకారము, ఏది డాబు? ఈ సంగతిని శబ్దమునే అడిగి తెలిసికొందము.

'అలమ్' అను అవ్యయము 'కృ' ధాతువుతో కూడగా అలంకార శబ్ద మేర్పడినది. అలమ్ అనుదానికి అమరసింహుడు నాలుగర్థములు చెప్పినాడు: భూషణము, చాలినంత యగుట, సామర్థ్యము, వారించుట. చూచితిరా! నగను చెప్పు మాటయే 'ఇక చాలు' అనియు చెప్పుచున్నది. హద్దు ఆ మాటలోనే యున్నది.

ఋగ్వేద ప్రథమ మండలము రెండవ సూక్తమున ఋషి వాయుదేవుని పిలుచుచు, సోమరసములు 'అరంకృతములు' అయి యున్నవనును. అరమ్ అన్నను అలమ్ అన్నను ఒకటే. సోమరసమునకు ఎవరును నగలు పెట్టరు గదా! దేవతకు తగునట్లు సిద్ధపరచుటయే అచ్చట అలంకారము.

సుందరకాండ పదునైదవ సర్గలో హనుమంతుడు సీతమ్మను అతికష్టము మీద గుర్తించెను. ఆమె అప్పుడు 'అనలంకృత' అనియు, సంస్కారము లేక వేరొక అర్థమునకు పోయిన వాక్కువలె నుండెననియు వాల్మీకి వర్ణించెను. రాముడు చెప్పిన ఆభరణములను హనుమ అచ్చటనే చూచెను. ఆభరణము లున్నను మహర్షి ఆమెను అనలంకృత యనెను. ఏలన, ఎవరికొరకు అలంకరించుకొనవలెనో ఆ స్వామి చెంత లేడు.

మరి అద్దము చూచుకొనుట దోషమా? గోదాదేవి కథను తలచుకొనుడు. తండ్రి విష్ణుచిత్తులు స్వామికి కట్టిన మాలను ఆ తల్లి ముందుగా తాను ధరించి, బావినీటిలో తన నీడను చూచుకొనెడిది. 'స్వామికి నేను తగుదునా?' అనునదే ఆమె విచారము. తండ్రి బాధపడి వేరొక మాల కట్టగా, ఆమె ధరించి విడిచిన మాలయే కావలెనని స్వామి కోరెను. శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమునకు 'ఆముక్తమాల్యద' యను పేరిడినది అందుకే. నేటికిని తిరుమల బ్రహ్మోత్సవములందు గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుండి గోదామాల వచ్చుచున్నది.

'నేను తగుదునా?' అనుకొని అద్దము చూచిన అది అలంకారము. 'నాకు సాటి యెవరు?' అనుకొని చూచిన అది అహంకారము. రెండు మాటలకు భేదము ఒక్క అక్షరమే; 'అలం' ఉన్నచోట 'అహం' వచ్చి కూర్చున్నది.

తల్లులారా! మెడలో పసుపుత్రాడు తప్ప మరేమియు లేని ముత్తైదువ, మన నగలను చూచి సిగ్గుపడి నోమునకు రాక నిలిచిపోయినచో, ఆ నగలు ఎవరికి శోభ? శుభ్రముగా స్నానమాడుడు, తల దువ్వుకొనుడు, బొట్టు పెట్టుకొనుడు, కలిగినంతలో పూలు ముడుచుకొనుడు. అయ్యలారా! ఈ నియమము పట్టు ఉత్తరీయములకును, వ్రేళ్ల ఉంగరములకును వర్తించును. అటుపై 'అలమ్' అనుకొని, ప్రక్కింటి పేదరాలిని వెంటబెట్టుకొని గుడికి రండు. ఆ యలంకారమునకు స్వామి ప్రీతుడగును.

స్వస్తి.