మన కష్టం మీద పండిన సినిమా – పంట ఎవరింటికి చేరింది?

(వరంగల్‌లో దళిత యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడే సభల సినిమా ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. సినిమా కూడా భూమి లాంటిదే. దానికీ పట్టాదారులు ఉన్నరు, కౌలుదారులు ఉన్నరు, కూలోళ్లు ఉన్నరు. మనం ఇన్నేండ్లు ఏ వరుసల నిలబడ్డమో చూసుకోవాలె. దానికోసం ఒక్క సినిమాను ముందట పెట్టుకుందాం. అది 'మాభూమి'.

1979ల తయారైన సినిమా అది. కిషన్ చందర్ ఉర్దూల రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దానికి ఆధారం. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. డైరెక్టరు గౌతమ్ ఘోష్, కలకత్తా మనిషి. అప్పటికి ముప్పై ఏండ్లు నిండలేదు, తెలుగు ఆయన భాష కాదు. మద్రాసు స్టూడియోలను, పెద్ద హీరోలను నమ్ముకోకుండ తెలంగాణ పల్లెల్ల తీసిన్రు. హైదరాబాద్‌ల పొద్దటి ఆటలుగ నెలల తరబడి నడిచింది. దొర, గడీ, వెట్టి, సాయుధ పోరాటం, 1948 పోలీసు చర్య, తర్వాత అదే దొరలు టోపీలు మార్చుకొని ఊర్లకు తిరిగొచ్చుడు, ఇవన్నీ తెర మీద చూపిన సినిమా అది. ఆ మేలు మనం మరువొద్దు. మంచిని మంచి అన్నంకనే ప్రశ్న అడిగే హక్కు వస్తది.

ఇగ ఆ సినిమా చేసినోళ్ల బతుకులు ఎటు నడిచినయో చూద్దాం. నేను బడిపంతులును, వరుసపెట్టి చెప్పుడు నాకు అలవాటు.

మొదలు గౌతమ్ ఘోష్. 'మాభూమి' ఆయనకు మొదటి కథాచిత్రం. ఆ తర్వాత బెంగాలీల 'దఖల్' తీసిండు, జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. 1984ల హిందీల 'పార్' తీసిండు. అండ్ల నసీరుద్దీన్ షాకు వెనిస్ పండుగల ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 'పద్మా నదిర్ మాఝీ', 'మోనేర్ మానుష్' దాకా ఆయన దారి ఆగలేదు.

రెండోది నర్సింగరావు. ఒకనాటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌ల భూమున్న ఇంట్ల పుట్టిండు. 'రంగులకల' (1983) తీసి తనే చిత్రకారుడి వేషం వేసిండు. 'దాసి' (1988)ల గడీ లోపల ఆడిబాపను దొరసాని, దొర ఎట్ల పిండుకున్నరో చూపిండు. ఆ సినిమాకు అయిదు జాతీయ అవార్డులు వచ్చినయి, నటి అర్చనకు వచ్చింది అండ్ల ఒకటి. 'మట్టిమనుషులు' (1990)ల పొట్ట చేతబట్టుకొని పట్నం బోయిన కూలీల గోస చెప్పిండు. గడీ తలుపు లోపలి నుంచి తీసినోళ్లల్ల ఆయన ఒకడు. కాదనం.

మూడోది హీరో. పేద రైతు కొడుకు రామయ్య వేషం వేసిన సాయిచంద్ రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. మంచిగ చేసిండు. 2017ల 'ఫిదా'ల తండ్రి వేషంల మళ్ల జనం ముందటికి వచ్చిండు.

ఇగ నాలుగోది. గొంగడి భుజాన ఏసుకొని, కట్టె పట్టుకొని, పోరాట కాలంల యాదగిరి కట్టిన బండ్ల పాటను తెర మీద పాడిన గద్దర్. తూప్రాన్ మాల బిడ్డ, అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. 1970ల మొదట్ల నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంలకు వచ్చిండు, అక్కడి నుంచి జననాట్యమండలికి. 'మాభూమి' చూసినోళ్లకు కథ సగం మరిచినా ఆ పాట మరువదు. మరి పాటతో సినిమాను నిలబెట్టిన మనిషికి సినిమాల ఏం దారి దొరికింది? అడవి దారి దొరికింది, అజ్ఞాతం దొరికింది. 1997 ఏప్రిల్ 6న ఇంటికాడ తూటాలు దొరికినయి. 'ఒరేయ్ రిక్షా' పాటకు నంది అవార్డు ఇస్తే తీసుకోలేదు. 2023 ఆగస్టు 6న చనిపోయిండు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టింది, 2025 జూన్‌ల వాటిని పంచింది. అవార్డు వద్దన్నోని పేరే అవార్డయింది!

ఇగ అయిదోళ్లు ఉన్నరు. గుంపుల నడిచినోళ్లు, పొలంల నాటేసినట్టు కనబడ్డోళ్లు, డప్పు కొట్టినోళ్లు, తమ ఇండ్లు, గల్లీలు షూటింగుకు ఇచ్చినోళ్లు. వాళ్లకు రెండో సినిమా లేదు. పేరు గూడ లేదు.

ఎవల తప్పు అని అడుగుతలేను. నేను అడిగేది లెక్క. కథ మనది, పాట మనది, చెమట మనది. కెమెరా, కథ రాసే కలం, కత్తిరించే కత్తెర, మళ్లొక సినిమాకు పెట్టుబడి మాత్రం మన వాడకు రాలేదు. ఎందుకు? ఒక్క సినిమా దెబ్బతిన్నా ఇంకొకటి తీయాలంటే ఇంట్ల ఆసరా ఉండాలె, ఏడాదిపాటు కూలికి పోకుండ బతికే వెసులుబాటు ఉండాలె, తలుపు తీసే చుట్టం ఉండాలె. రెక్కాడితే గాని డొక్కాడనోనికి ఈ మూడు లేవు. ప్రతిభ లేక గాదు, పట్టా లేక.

ఇంకొక ముచ్చట. 'మాభూమి'ల పోరాడే పేదోడు ఉన్నడు, ఆ పేదోనికి కులం అంత తేటగ కనబడదు. కాని వెట్టి అందరికీ ఒక్కతీరు లేకుండె. మాదిగ దొరకు చెప్పులు కుట్టిండు, మోటకు తోలు కుట్టిండు, చాటింపుకు డప్పు కొట్టిండు. మాల కావలి గాసిండు, మూటలు మోసిండు. పని కులాన్ని బట్టి పంచిన్రు. వర్గం కండ్లద్దాలు పెట్టుకున్నోళ్లకు ఇది మసకగ కనబడ్డది.

కెమెరా ఎవల చేతిల ఉంటే ఏం మారుతదో రెండు సినిమాలతోని చెప్త. 'పార్'ల బిహార్ దళిత కూలీ ఊరు తగలబడ్డంక పెండ్లాంతోని కలకత్తా పారిపోతడు. పని దొరకదు. చివరికి పందుల మందను నది దాటిస్తరు, ఆమె కడుపుతోని ఉంటది. చూసెటోని కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. 2013ల మరాఠీల 'ఫాండ్రీ' వచ్చింది. తీసింది నాగరాజ్ మంజులే, వడ్డెర కులంల పుట్టినోడు. అండ్ల గూడ పందులే. బడికి పోయే పిలగాడు ఊరంతా నవ్వుతుంటే పంది వెంట ఉరుకుతడు. ఆఖరికి ఒక రాయి తీసి ఇసురుతడు. ఆ రాయి తెర దాటి మన మీదికే వస్తది. మొదటి సినిమా జాలి పడమన్నది. రెండోది, నవ్వినోళ్లల్ల నువ్వు గూడ ఉన్నవా అని నిలదీసింది. బయటి నుంచి చూసుటానికి, అనుభవించి చెప్పుటానికి ఉన్న తేడా అదే.

ఆ మంజులే 2016ల 'సైరాట్' తీస్తే మరాఠీల అంతకుముందు ఏ సినిమాకు రానంత డబ్బు వచ్చింది. తమిళంల పా. రంజిత్ 'మద్రాస్' (2014) తీసిండు, పెద్ద హీరోలతోని తీసిండు. కాని ఒక్కడే పైకి ఎక్కి నిచ్చెన గుంజుకోలేదు. నీలం ప్రొడక్షన్స్ పెట్టి 2018ల మారి సెల్వరాజ్ చేత 'పరియేరుమ్ పెరుమాళ్' తీయించిండు. అంబేద్కర్ చెప్పిన 'తిరిగి ఇచ్చుడు' అంటే ఇదే.

కేరళల ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ డైరెక్టర్లకు కోటిన్నర దాకా ఇచ్చే పథకం పెట్టింది. 2025 ఆగస్టుల అడూర్ గోపాలకృష్ణన్ అది చాన ఎక్కువ, ముందు వాళ్లకు శిక్షణ ఇయ్యాలె అన్నడు. శిక్షణ మంచిదే, ఎవలు వద్దన్నరు? ఆయన పూణేల నేర్చుకున్నడు. 1972ల ఆయన మొదటి సినిమా 'స్వయంవరం' తీసింది గూడ సర్కారు ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతోనే. తనకు అప్పు న్యాయం అయినప్పుడు మనకు అనుమానం ఎట్లయితది? ఇక శిక్షణ ముచ్చట. దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పేరున్న కొట్టాయం ఫిల్మ్ స్కూల్ల కులవివక్ష మీద విద్యార్థులు 2022 డిసెంబరు నుంచి సమ్మె చేసిన్రు. 2023 జనవరిల డైరెక్టరు రాజీనామా చేసిండు. పేరు పెట్టినంత మాత్రాన కులం పోదు. గద్దర్ అవార్డు విషయంల గూడ ఇది యాదిల పెట్టుకోవాలె.

అందుకే మన ముందట మూడు పనులు.

ఒకటి: గద్దర్ పేరు మీద అవార్డు ఇచ్చే సర్కారు, దళిత, ఆదివాసీ బిడ్డల మొదటి సినిమాకు పెట్టుబడి పథకం గూడ పెట్టాలె. గెలిచినంక శాలువా కప్పుడు కాదు, మొదలువెట్టేటప్పుడు చెయ్యి పట్టాలె. ఈ డిమాండును ప్రతి సభల తీర్మానంగ పెట్టున్రి.

రెండు: పూణే, కలకత్తా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లు కేంద్రానివి. అండ్ల ఎస్సీలకు 15 శాతం సీట్లు ఉన్నయి. మన పిల్లలు ఇంజినీరింగు ఒక్కటే చదువు అనుకుంటున్నరు. డిగ్రీ చదివే ప్రతి హాస్టల్ పిలగానికి, పిల్లకు ఈ కబురు చేరాలె.

మూడు: ఇది రేపటి దాకా ఆగేది కాదు. వెట్టి చేసినోళ్లు, చూసినోళ్లు మన వాడల్ల ఒక్కొక్కరే రాలిపోతున్నరు. జేబుల ఫోనుల కెమెరా ఉన్నది. తాతను, అవ్వను కూసోబెట్టి అడుగున్రి: గడీకి ఏం మోసినవు? ఏ దొరకు? కూలి ఏమిచ్చిన్రు? వాళ్ల మాటల్లనే పట్టున్రి. ఆ ముచ్చట్లు వాడ నడుమ గోడ మీద వేసి నలుగురికి చూపున్రి. పేరు అడుగున్రి, పేరు రాయున్రి. పేరు లేకుండ తెర మీద నడిచే కాలం మనతోనే ఆగాలె.

దున్నేటోనికి భూమి అన్నరు మన పెద్దలు. బతికినోనికే కథ అందాం మనం.

జై భీమ్!