పాస్‌వర్డుల చిట్టాకు కావలి ఎవరు?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మనూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ దినం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ తీర్పు చెప్పింది. ఆ హక్కుకు సంబంధించిన కాగితాలు ఒకప్పుడు ఖజానా కార్యాలయం బీరువాలో ఉండేవి. ఈనాడు కంప్యూటరులో ఉన్నాయి. బీరువాకు తాళంచెవి ఉన్నట్టే కంప్యూటరుకు పాస్‌వర్డు. ఈ తాళంచెవుల సంగతి నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

ఇప్పుడీ మాట ఎందుకంటే, మన సభ్యుల జాబితాను వెబ్‌సైటులో పెట్టాలని, సభ్యులు మాత్రమే చూసేటట్లు పాస్‌వర్డు ఏర్పాటు చేయాలని ప్రతిపాదన వచ్చింది. మంచి ప్రతిపాదనే. పాత జాబితాలో సగం మంది చిరునామా ఇంకా మెదక్ జిల్లా అనే ఉంది. సంగారెడ్డి జిల్లా ఏర్పడింది 2016లో. నాగల్‌గిద్ద మన మండలం నుంచి వేరుపడింది కూడా ఆ ఏడాదే. జాబితా సరిచేయవలసిందే. అయితే కొందరు మిత్రులు, "వందల మందికి వేరువేరు పాస్‌వర్డులు ఎవరు ఇస్తారు? అందరికీ ఒకటే పెట్టి మన సంచికలో అచ్చువేస్తే సరిపోదా?" అంటున్నారు. వారి మీద గౌరవంతోనే, ఆ పని వద్దని విన్నవిస్తున్నాను.

నేను కచేరీలో ఆవక్ జావక్ రిజిస్టర్లు రాసిన గుమాస్తాను గాని కంప్యూటరు ఇంజనీరును కాను. మా మనుమడు ఆ కొలువులో ఉన్నాడు. వాడిని కూర్చోబెట్టి అడిగి, నాకు అర్థమైన తర్వాతే మీ ముందుకు వచ్చాను.

వెబ్‌సైటును నడిపే యంత్రాన్ని సర్వరు అంటారు. 1995 నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న అపాచీ అనే సర్వరు ప్రోగ్రాములో ఈ ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. ఒక ఫైలు. అందులో మనిషికి ఒక వరుస. వరుసలో ముందు సభ్యుని పేరు, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత పాస్‌వర్డు తాలూకు గుర్తు. అంతే. మన ఖజానాలో నమూనా సంతకాల రిజిస్టరు వంటిదన్నమాట. బిల్లు మీద సంతకాన్ని రిజిస్టరులోని సంతకంతో సరిచూసి షరాబు సొమ్ము ఇచ్చేవాడు. సర్వరు కూడా అలాగే సరిచూసి లోపలికి పోనిస్తుంది.

అయితే ఒక తేడా ఉంది. ఆ ఫైలులో అసలు పాస్‌వర్డు ఉండదు, ఉండకూడదు. ఎందుకు ఉండకూడదో పాతికేళ్ల నాటి సంగతి కాదు, అరవై ఏళ్ల నాటి సంగతి చెబుతాను. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును చాలామంది పంచుకొని వాడే పద్ధతిని 1961లో ఫెర్నాండో కార్బాటో అనే ఆయన బృందం చేసి చూపింది. ఎవరి ఫైళ్లు వారికే అందాలని మనిషికొక పాస్‌వర్డు పెట్టారు. పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో ఉన్నవి ఉన్నట్టుగా రాసి ఉంచారు. 1966లో ఒకనాడు ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి చెరొక ఫైలు దిద్దుతుండగా ఆ రెండు ఫైళ్లూ తారుమారయ్యాయి. ఆ పూట కంప్యూటరు తెరిచిన ప్రతివారికీ, నాటి ప్రకటన కనిపించవలసిన చోట అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. దొంగ ఎవడూ రాలేదు. తాళం ఎవరూ పగలగొట్టలేదు. చిట్టా ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడమే దానికి మూలం.

అందువల్ల తరువాతి వారు పాస్‌వర్డును పిండి పట్టించడం మొదలుపెట్టారు. మనది జొన్న పండే ప్రాంతం కాబట్టి ఇలా చెబితే సులువు. జొన్నలు గిర్నీలో పోస్తే పిండి వస్తుంది. పిండిని తిరిగి గిర్నీలో పోస్తే జొన్నలు రావు. మీరు పాస్‌వర్డు కొట్టగానే సర్వరు దాన్ని పిండి చేసి, ఫైలులో దాచిన పిండితో పోల్చి చూస్తుంది. రెండూ ఒకటైతే తలుపు తీస్తుంది. ఫైలు దొంగచేతిలో పడినా వాడికి దొరికేది పిండే.

ఇక్కడ ఇంకొక చమత్కారం ఉంది. ఇద్దరు సభ్యులు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే ఇద్దరి పిండీ ఒకేలా ఉంటుంది గదా, చూసినవాడు పట్టేస్తాడు. అది కాకుండా ఒక్కొక్కరి పిండిలో వేరువేరు ఉప్పు కలుపుతారు. నేను నవ్వులాటకు అనడం లేదు. ఇంజనీర్లు దాన్ని సాల్ట్ అనే పిలుస్తారు.

ఈ పద్ధతి గురించి రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు 1979లో ఒక వ్యాసం రాశారు. వారు 3,289 పాస్‌వర్డులు సేకరించి పరిశీలిస్తే 86 శాతం సులువుగా పట్టుబడేవే అని తేలింది. మరీ పొట్టివో, నిఘంటువులో దొరికే మాటలో. గిర్నీ ఎంత మంచిదైనా, పోసిన గింజలు అందరికీ తెలిసినవైతే దొంగ తానూ అవే గింజలు పట్టించి పోల్చుకుంటాడు. 2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడ్డాయి. అవి పిండి చేయకుండా గింజలుగానే దాచినవి. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు. ముప్ఫై ఏళ్లు గడిచినా మనిషి మారలేదు.

దూరదేశాల ముచ్చట మనకెందుకు అనుకోవద్దు. 2018లో మన తెలంగాణలోనే పెద్దపల్లి జిల్లాలో ఒక వ్యక్తి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోంచి దస్తావేజుల నకళ్లు దింపుకొని, వాటి మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, ఇతరుల పేరిట వేల సిమ్ కార్డులు చెలామణీలోకి తెచ్చాడు. పాస్‌వర్డు పోతే ఇంకొకటి పెట్టుకోవచ్చు. బొటనవేలు పోతే ఇంకొకటి ఎక్కడ తెస్తాము? 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన తర్వాత మనలో చాలామంది అదే వేలితో, 2021 నుంచి ముఖంతో కూడా, బతికి ఉన్నామని రుజువు ఇస్తున్నాము. కనుక ఏ కాగితం పదిమంది కంటపడే చోట పెడుతున్నామో ముందే ఆలోచించాలి.

ఇక మన సంఘం చేయవలసిన పనులు.

మొదటిది. ఒక మనిషికి ఒక పేరు, ఒక పాస్‌వర్డు. అందరికీ ఒకటే అయితే, జాబితా బయటికి పొక్కిన రోజున ఎవరి చేతిమీదుగా పోయిందో తేలదు. పైగా ఒక్కరి దగ్గర పోతే అందరిదీ మార్చాలి. కచేరీలో ఎవరి సీటు వారిది, ఎవరి సంతకం వారిది. ఇక్కడా అదే న్యాయం.

రెండవది. ఆ ఫైలును వెబ్‌సైటు కాగితాలుండే అరలో పెట్టకూడదు. అక్కడ పెడితే దారిన పోయేవాడు అడిగినా సర్వరు తీసి చేతికివ్వవచ్చు. సంతకాల రిజిస్టరును కౌంటరు మీద పరచి పెడతామా? వేరే అరలో, సర్వరు మాత్రమే చదవగలిగేటట్లు ఉంచాలి.

మూడవది. ఈ ఫైలు రాసే పనిముట్టు పేరు హెచ్‌టీపాస్‌వర్డ్. దానికి సి అనే అక్షరం తోడిస్తే కొత్త ఫైలు తెరుస్తుంది. పాత ఫైలు అదే పేరుతో ఉంటే దాన్ని తుడిచిపెట్టి మరీ తెరుస్తుంది. ఒక్క సభ్యుణ్ణి చేర్చబోయి అందరినీ పోగొట్టుకోవడమే. అందుచేత ఏ మార్పు చేసినా ముందు నకలు తీసి పెట్టాలి. బి అనే పెద్ద అక్షరం తోడిస్తే 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే గిర్నీ వాడుతుంది. అది కావాలని నిదానంగా విసురుతుంది. మనకు క్షణం ఆలస్యం. కోట్ల గింజలు పట్టించి చూడాలనుకునే దొంగకు ఏళ్ల ఆలస్యం. పాత క్రిప్ట్ పద్ధతి వద్దు. అందులో మొదటి 8 అక్షరాలే లెక్కకు వస్తాయి.

నాలుగవది. సభ్యుని ఫోనుకూ సర్వరుకూ నడుమ దారి కూడా భద్రంగా ఉండాలి. ఈ ఏర్పాటులో పాస్‌వర్డు వెళ్లేది పోస్టుకార్డు మీద రాసినట్టే. హెచ్‌టీటీపీఎస్ అనే ఏర్పాటు దానికి లక్కముద్ర వేసిన కవరు. అది లేకుండా వెబ్‌సైటు తెరవనే కూడదు.

ఐదవది. డబుల్ లాక్. ఖజానా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, రెండు చెవులు ఇద్దరి దగ్గర ఉండేవి గదా. ఈ ఫైలులో పేరు చేర్చాలన్నా తీయాలన్నా ఇద్దరు కార్యవర్గ సభ్యులు రిజిస్టరులో సంతకం చేయాలి. నెలకొకసారి క్యాషుబుక్కు సరిచూసినట్టు ఫైలులోని పేర్లు, సభ్యత్వ రిజిస్టరు సరిచూడాలి. కార్యవర్గం మారిన రోజునే చార్జి లిస్టులో ఇది కూడా రాసి, పాతవారి పేర్లు తీసి, కొత్తవారివి చేర్చాలి.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, పి.పి.ఓ. నంబరు ఆ జాబితాలో అసలే వద్దు. పేరు, ఊరు, ఫోను చాలు. లేని సొమ్మును ఎవరూ దోచుకోలేరు.

"ఈ వయసులో గుర్తుండదయ్యా" అనే మాట ఒప్పుకుంటాను. దానికీ ఉపాయం ఉంది. పుట్టిన సంవత్సరం, మనుమరాలి పేరు, మంజీర పక్కన ఒకటి రెండు మూడు, ఇవి వద్దు. పొంతన లేని నాలుగు మాటలు వరుసగా పెట్టుకోండి. మన సరిహద్దు ఊళ్లలో తెలుగు, కన్నడం, మరాఠీ, లంబాడీ అన్నీ వినపడతాయి. తలొక భాష నుంచి తలొక మాట తీసుకోండి. అక్షరాలు, అంకెలు గజిబిజి చేయడం కన్నా పొడవు ముఖ్యమని, ఊరికే నెలనెలా మార్చనక్కరలేదని అమెరికా ప్రమాణాల సంస్థ కూడా 2017లో చెప్పింది. గుర్తుండకపోతే కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి, తప్పులేదు. పాసుబుక్కులోనూ, ఏటీఎం కార్డు కవరులోనూ మాత్రం పెట్టవద్దు. మరచిపోతే కార్యదర్శి కొత్తది ఇస్తారు. పాతది ఆయన కూడా చెప్పలేరు, పిండి గింజలు కాదు గదా. కాబట్టి ఎవరైనా ఫోను చేసి మీ పాస్‌వర్డు, ఓటీపీ చెప్పమంటే వాడు మనవాడు కాడు. మోసపోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరగా తల్లులకు ఒక మాట. పెన్షనరు పోయిన తర్వాత ఆయన కార్డుతో, ఆయన పేరుతోనే కొన్ని నెలలు గడిపే కుటుంబాలున్నాయి. ఆనక రికవరీ వచ్చి ఇబ్బంది పడతారు. ఖజానాకు, బ్యాంకుకు వెంటనే తెలపండి. మన ఫైలులోనూ ఆయన వరుస తీసి మీ పేరిట కొత్త వరుస రాస్తాము. అది ఆయనను మరచిపోవడం కాదు. సంఘంలో మీకంటూ ఒక స్థానం, ఒక సంతకం ఉన్నాయని ఒప్పుకోవడం.

ఈ ఆరు అంశాలను తీర్మానంగా ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.