మన పాట – మన బాధ్యత

(సంఘము వార్షిక సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



ఈ సంవత్సరము మన భజనమండలి వార్తలను, రానున్న కార్యక్రమములను సభవారికి విన్నవింపుమని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించినారు. మేము సంగీత విద్వాంసులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, రాబర్ట్సన్‌పేటలో తండ్రిగారి చిల్లర అంగడిని నడపుకొనుచున్న వర్తకులము. కావున పాటను గూర్చి శాస్త్రము చెప్పజాలము. లెక్క మాత్రము చెప్పగలము. ఉన్న సరకెంత, పోయినదెంత, మిగిలినదెంత అని చూచుకొనుట మాకు అలవాటు. ఆ విధముగనే విన్నవించెదము.

మొదట ఉన్నదానిని చెప్పెదము. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాల పల్లెలలో తెలుగు పాటకు కరవు లేదు. చెక్కభజన, పండరిభజన, కోలాటము, కేళికె, సంక్రాంతికి గొబ్బిపాట, పెండ్లికి నలుగుపాట, రాగులు విసరునప్పుడు తిరుగలిపాట మన పెద్దలకు నోటికి వచ్చియుండెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచట గనులపని చేపట్టిన పిదప, ఉత్తరార్కాటు నుండి తమిళ సోదరులును, చిత్తూరు ప్రాంతమునుండి మనవారును కూలికై వచ్చిరి. వచ్చినవారు మూటాముల్లెతోపాటు తాళములను, పాటలను గూడ తెచ్చుకొనిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చి గనులు వెలిగినవి. కూలిలైన్లలోని భజనలు మాత్రము అటుపిమ్మటను చాలకాలము నూనెదీపముల వెలుతురుననే సాగెనని మా తాతగారు చెప్పెడివారు.

ఇక పోయినదానిని చెప్పెదము. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. అప్పటికి మేము ఇరువది యేండ్ల ప్రాయమువారము. మా తండ్రిగారి ఖాతా పుస్తకములో జీతముల దినమున తీరవలసిన పద్దులు ఎన్నియో అట్లే నిలిచిపోయినవి. ఆ బాకీలను గూర్చి మాకిప్పుడు చింత లేదు. కాని ఆ పద్దులలోని పేర్లవారే శనివారపు భజనలో తాళము వేసినవారు. వారి కుమారులు నేడు మారికుప్పమునుండి తెల్లవారుజాముననే రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరుచున్నారు. అట్టివానిని భజనకు రమ్మని పిలుచుటకు నోరెట్లు వచ్చును? అందుచేతనే శనివారపు భజనను ఆదివారము మధ్యాహ్నమునకు మార్చినాము. మార్చిన పిదప ఇద్దరు యువకులును, ముగ్గురు బాలికలును క్రొత్తగా చేరినారు. ఈ సంవత్సరమున మేము సంతోషముతో చెప్పదగిన వార్త ఇదియే.

సంతోషముతో చెప్పజాలని వార్త యొకటి కలదు. ఆండర్సన్‌పేటలో ఒక అవ్వగారుండిరి. తిరుగలిపాటలు, సీతమ్మవారి పాటలు ఆమెకు వచ్చినన్ని ఈ చుట్టుపట్ల మరెవ్వరికిని రావు. వానిని సెల్‌ఫోనులో పట్టి భద్రపరచవలెనని గత సంవత్సరమే ఈ సభలో తీర్మానించినాము. ఆ పనిని మేమే నెత్తిన వేసికొన్నాము. ఒక్కమారు పోయి నాలుగు పాటలు పట్టితిమి. తరువాత దసరా బేరములు, దీపావళి బేరములు వచ్చినవి. పండుగలైన పిమ్మట వత్తుమని ఆమెకు చెప్పితిమి. “పాటలు యాడికీ పోవులే నాయనా, నువ్వు అంగడి చూసుకో పో” అని ఆమె నవ్వినది. సంక్రాంతి వెళ్ళిన వారమునకు ఆమె పరమపదించినది. ఆమెతో ఎన్ని పాటలు పోయినవో లెక్క చెప్పుమని మీరడిగినచో మా యొద్ద లెక్క లేదు. ఇది మా వలన జరిగిన లోపము. సభవారు క్షమింతురుగాక. కాని క్షమాపణ వలన పాట తిరిగి రాదు.

ఇట్టి నష్టము మరల జరుగకుండుటకు రెండు విషయములను మీ యెదుట నుంచుచున్నాము.

మొదటిది లిపిని గూర్చినది. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో కన్నడమో, ఇంగ్లీషో చదువుదురు. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఏ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆ హక్కును మనము అడుగుచునే యుండవలెను. కాని అది లభించువరకు పాట కాచుకొనియుండదు. పట్టిన పాటలను పుస్తకముగా అచ్చువేయునపుడు ఎడమపుటలో తెలుగు లిపిని, కుడిపుటలో కన్నడ లిపిని వేయవలెనని మా ప్రతిపాదన. దీనివలన మన లిపి మరుగున పడునని కొందరు పెద్దలు బాధపడినారు. వారి బాధ న్యాయమైనదే. ఐనను ఒక్క మాట ఆలోచింపుడు. ఈ రెండు లిపులును ఒకే తల్లి బిడ్డలు; కన్నడము చదువగల పిల్లవానికి తెలుగక్షరములలో చాలవరకు చూచినంతనే తెలియును. కుడిపుట చూచి పాడు పిల్లవాడు ఏదో యొకనాడు ఎడమపుట వైపు చూడక మానడు.

కైవారము నారేయణ తాతగారిని తలచుకొనుడు. సంప్రదాయము ననుసరించి 1726లో పుట్టి నూటపదియేండ్లు జీవించిన ఆ మహనీయుడు మొదట గాజులమ్ముకొని బ్రదికిన వర్తకుడు. మావంటివారికి అది గర్వకారణము. తెలుగునను, కన్నడమునను తత్త్వములు చెప్పెను. ఆయన తెలుగు తత్త్వములు కన్నడ లిపిలో అచ్చై ఇంటింట చేరుటచేతనే, తెలుగక్షరము రానివారు గూడ వానిని నేటికిని పాడుచున్నారు. లిపి మారినను పాట బ్రదికినది.

రెండవ విషయము కొంచెము కష్టమైనది. మన ఉత్సవములలో హరికథకులకు శాలువ కప్పుదుము, వేదికపై కూర్చుండబెట్టుదుము. పలక వాయించువారిని మాత్రము పందిరి వెలుపల నిలిపి, పని ముగియగానే చేతిలో ఏదో పెట్టి పంపుదుము. మా చిన్నతనమునుండి ఇట్లే చూచితిమి. పెద్దవారమైన పిదప మేమును ఇట్లే చేసితిమి. పలకను కన్నడమున తమటె యందురు. 2007లో మన కోలారునుండి వేరుపడిన చిక్కబళ్ళాపురము జిల్లాకు చెందిన పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి, ఆ తమటె వాద్యమునకే 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. రాష్ట్రపతిభవనములోనికి పోయిన వాద్యము మన సంఘ మందిరములోనికి రాకూడదా? కోలారు దగ్గర తేరహళ్ళి కొండపై కోటిగానహళ్ళి రామయ్యగారును, వారి మిత్రులును ‘ఆదిమ’ను నెలకొల్పి, పున్నమిరాత్రులలో పాటల కూటములు జరిపించిరి. అచట డప్పుపాటకు పీట వేసిరి. మనము ఆలస్యము చేసితిమి. ఈ యుగాది మొదలుకొని పలక కళాకారులకు వేదికపై చోటును, హరికథకులతో సమానముగా సంభావనయు, అందరితోపాటు ఒకే పంక్తిలో భోజనమును ఉండవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాము. చేతులెత్తి ఆమోదింప వేడుచున్నాము.

ఇక రానున్న కార్యక్రమములు. యుగాదినాడు ఉదయము పంచాంగ శ్రవణము, సాయంకాలము చెక్కభజన, పలక వాద్యము జరుగును. చైత్ర వైశాఖములలో కోలారు, మాలూరు, బంగారుపేటలలో కరగ ఉత్సవములు వచ్చును. మన యువకులు అచట భారతకథ చెప్పువారిని, పాడువారిని కలిసికొని పాటలు పట్టుకొని రావలెను. ఆషాఢ పౌర్ణమికి కైవారములో గురుపూజకును, రేయింబవళ్ళు సాగు సంగీతోత్సవమునకును మండలి పోవును. బస్సు ఖర్చులలో సగము మా అంగడి భరించును. ప్రతి ఆదివారము భజనకు ముందు ఒక గంటసేపు పిల్లలకు తెలుగక్షరములు నేర్పబడును. పలకలు, బలపములు, పుస్తకములు ఉచితము.

చివరగా తల్లులకొక ప్రార్థన. మీ యింట అత్తగారో, అవ్వగారో పాట తెలిసినవారున్నచో రేపటి వరకు కాచుకొనవలదు. ఈ రాత్రి సంగటి తినిన పిమ్మట ఆమె ప్రక్కన కూర్చుండి ఒక్క పాట పాడించి, సెల్‌ఫోనులో పట్టి మాకు పంపుడు. అంగడి పని యున్నదని మేమిక చెప్పము. మీరును వంటపని యున్నదని చెప్పవలదు.

రామరాజభూషణుని శ్లేషలు కాపాడుటకు పండితులు కలరు. అవ్వ పాడిన తిరుగలిపాటను కాపాడుటకు మనము తప్ప మరెవ్వరును లేరు.