పొర కాదు, నరం



కావలి నుంచి ముత్తుకూరు దాకా ఈ నెల్లూరు తీరంలో పెద్దవాళ్లకు చూపు మందగిస్తే ఇంట్లో వినపడే మాట ఒకటే: "పొరొచ్చుంటుందిలే, ముదిరినాక తీయిద్దాం." ఆ ధీమా ఊరికే రాలేదు. కంటి శిబిరాలకు పోయి లెన్సు వేయించుకుని మర్నాటికి మనవళ్ల మొహాలు పోల్చుకున్నవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. శుక్లం విషయంలో ఆ నమ్మకం నిజమే. కంటి నరం విషయంలో అదే నమ్మకం కొంప ముంచుతోంది.

కంటి నుంచి మెదడుకు పోయే నరంలో సుమారు 12 లక్షల పోగులుంటాయి. చచ్చిన పోగును బతికించే ఆపరేషన్ ఇంతవరకూ లేదు. ఆ పోగులను చంపే జబ్బు నీటికాసుల్లో (గ్లాకోమా) చాలామందికి మొదట పోయేది పక్కచూపు. నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే పత్రిక చదివేవాడే, సూదిలో దారం ఎక్కించేవాడే, రాత్రి రొయ్యల గుంట గట్టు మీద టార్చి వేసుకుని పోతూ కాలిపక్కనున్న పైపు తట్టుకుని పడతాడు. వయసు మీద పడిందనుకుంటారు. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. పైగా ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది.

గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ, 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం జరిపింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. నెల్లూరు తీరం అందులో లేదు గానీ, అక్కడ తేలింది ఇక్కడివాళ్లూ వినాలి. హైదరాబాదు భాగంలో నలభై దాటినవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఒక రకం నీటికాసులు బయటపడ్డాయి. జబ్బు ఖాయమని తేలిన 27 మందిలో ఆ సంగతి ముందే తెలిసినవారు ఇద్దరే. సగానికి పైగా మందికి నరం అప్పటికే బాగా దెబ్బతింది.

అసలు చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ 27 మందిలో మూడింట రెండొంతుల మందికి పరీక్షనాడు కంటి పీడనం మామూలు హద్దుల్లోనే ఉంది! నీటికాసులంటే పీడనం పెరగడమేనని తెలుగు పత్రికల ఆరోగ్య పేజీలు ఏళ్లుగా రాస్తూనే ఉన్నాయి. పీడనం కొలిచి, అక్షరాల బోర్డు చదివించి పంపేస్తే వీళ్లలో చాలామంది దొరకరు. కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక డాక్టరు నరం మొదలును స్వయంగా చూడాలి.

తర్వాత చూపు పరిధి పరీక్ష. గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న గుర్తు మీంచి చూపు తిప్పకుండా కూర్చోవాలి. గిన్నెలాంటి యంత్రం తెల్లటి లోపలి భాగంలో ఎక్కడో ఒక వెలుగుచుక్క మెరుస్తుంది. కనిపిస్తే చేతిలో బటన్ నొక్కాలి. కాసేపటికి విసుగొస్తుంది. కాగితం మీద అచ్చయ్యే నల్లమచ్చ మాత్రం, తనకు ఏమీ కాలేదని వాదించేవాడి నోరు మూయిస్తుంది.

ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ చూపించుకోవాలి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో రోగుల దగ్గరి బంధువులకు జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం 22 శాతం, మిగతావారికి 2.3 శాతమే. మందుల షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ చుక్కలతో వచ్చే ముప్పు వేరే. దుమ్ముకు కళ్లు దురద పెడితే నెలల తరబడి అవే వేసుకునేవాళ్లున్నారు. కొందరిలో అవి పీడనాన్ని పెంచి నరాన్ని తినేస్తాయి.

నరం దెబ్బతినే దారి నీటికాసులొక్కటే కాదు. క్షయకు ఇచ్చే మందుల్లో ఇథాంబుటాల్ ఉంది. జాతీయ కార్యక్రమం కింద మామూలు క్షయకు దీన్ని ఆరు నెలలూ రోజూ ఇస్తారు. కొద్దిమందికి ఇది రెండు కళ్ల నరాలనూ దెబ్బతీస్తుంది. ఎరుపు వెలిసినట్టు కనపడుతుంది, అక్షరాలు మసకబారతాయి. మోతాదు ఎక్కువైనా, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. తొందరగా పట్టుకుని డాక్టరు ఆ ఒక్క మందు ఆపితే చాలామందికి చూపు ఎంతో కొంత తిరిగొస్తుంది. రోగి సొంతంగా మందులన్నీ మానేస్తే క్షయ మళ్లీ తిరగబెడుతుంది. మందుల పెట్టె ఇచ్చే ఆరోగ్య కార్యకర్త, నెలకోసారి ఒక్కో కన్ను మూయించి రంగులు, అక్షరాలు అడిగితే చాలు. ఈ పూట గోష్ఠిలో మొదటి పత్రం దాని మీదే.