అన్నం అరిగే తీరు: జీర్ణవ్యవస్థను మనిషి తెలుసుకున్న చరిత్ర

తిన్న అన్నం కడుపులో ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి వందల ఏళ్లు పట్టింది. నోటిలో నమలడం కంటికి కనిపిస్తుంది. గొంతు దిగాక జరిగేది కనిపించదు. శవాన్ని కోసి చూస్తే అవయవాల ఆకారం, అమరిక తెలుస్తాయి గానీ అవి పనిచేసే తీరు తెలియదు. అందువల్ల జీర్ణవ్యవస్థ గురించి నేడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ప్రతి వాక్యం వెనుక ఎవరో ఓపికగా చేసిన ప్రయోగం ఉంది.

ప్రాచీన వైద్యులు వేడికి పెద్దపీట వేశారు. రెండో శతాబ్దంలో రోమ్ నగరంలో వైద్యం చేసిన గాలెన్, శరీరంలో సహజంగా ఉండే వేడే ఆహారాన్ని పక్వం చేస్తుందని చెప్పాడు. ఆయుర్వేదం ఆ శక్తిని జఠరాగ్ని అన్నది. 17వ శతాబ్దానికి యూరప్ వైద్యులు రెండు పక్షాలయ్యారు. ఇటలీలో బొరెల్లి వంటివారు శరీరాన్ని యంత్రంగా భావించి, జీర్ణాశయపు గోడలు ఆహారాన్ని నూరేస్తాయన్నారు. బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ ఒప్పుకోలేదు. వేడే కారణమైతే చల్లని శరీరం గల చేపలు తిన్నది ఎలా అరుగుతుందని ప్రశ్నించి, ఇది ఆమ్లాల వల్ల, పులియడం వంటి మార్పు వల్ల జరిగే పని అన్నాడు. ఎవరి వాదం వారిదే. తేల్చే పరీక్ష మాత్రం లేదు.

ఆ పరీక్షను 1752లో ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమూర్ చేసి చూపించాడు. గద్ద తనకు అరగని వాటిని తిరిగి కక్కేస్తుంది. ఆయన చిన్న లోహపు గొట్టంలో మాంసం ముక్క పెట్టి, రెండు కొసలనూ జల్లెడలాంటి తీగతో మూసి, గద్ద చేత మింగించాడు. అది కక్కిన గొట్టం సొట్ట పోలేదు. లోపలి మాంసం మాత్రం చాలావరకు కరిగిపోయింది. గొట్టం నలగలేదు గనుక నూరడం అనే మాటకు అక్కడ తావు లేదు. కొసల్లోంచి లోపలికి ఊరిన రసమే ఆ పని చేసింది. ఆ రసం కోసం ఆయన గొట్టంలో స్పాంజి ముక్కలు కూడా పెట్టి పిండాడు.

ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్పాలన్‌జానీ ఈ ప్రయోగాలను మరెన్నో జంతువుల మీద చేశాడు, తర్వాత తన మీదే చేసుకున్నాడు. నారబట్ట సంచిలో రొట్టె కుట్టి మింగితే, సంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది గానీ లోపల రొట్టె లేదు. జఠర రసాన్ని గాజు గొట్టంలో తీసుకుని, అందులో మాంసం వేసి, వెచ్చదనం కోసం చంకలో పెట్టుకున్నాడు. మాంసం కుళ్లలేదు, కరిగింది. శరీరం బయట కూడా జీర్ణక్రియ జరుగుతుందని 1780లో ప్రచురించిన ఆయన రచన రుజువు చేసింది. ఆ రసంలోని ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం ప్రౌట్ తేల్చాడు.

అప్పటికే అమెరికాలో మరో సంఘటన జరిగింది. 1822 జూన్ 6న మాకినాక్ దీవిలోని ఒక దుకాణంలో తుపాకి పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా యువకుడి పొట్ట చీలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు. అయితే జీర్ణాశయంలోకి దారితీసే రంధ్రం పూడలేదు. 1825 ఆగస్టు 1న మధ్యాహ్నం 12 గంటలకు బోమాంట్ ఒక పట్టుదారానికి చిన్న చిన్న ముక్కలు వరసగా కట్టాడు: మసాలా పెట్టి వండిన గొడ్డుమాంసం, ఉప్పు పట్టించిన పచ్చి పందిమాంసం, పచ్చి గొడ్డుమాంసం, ఉడికించిన గొడ్డుమాంసం, నిలవ రొట్టె, పచ్చి క్యాబేజీ. దారాన్ని రంధ్రంలోంచి దింపి ఒంటి గంటకు పైకి లాగాడు. క్యాబేజీ, రొట్టె సగం కరిగాయి, మాంసం ముక్కలు అలాగే ఉన్నాయి. రెండు గంటలకు చూస్తే క్యాబేజీ, రొట్టె, పందిమాంసం, ఉడికించిన గొడ్డుమాంసం దారం మీద లేవు. ఇలాంటి ప్రయోగాలు ఏళ్ల తరబడి సాగాయి. కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ చెదరడం కూడా బోమాంట్ గమనించాడు. 1833లో ఆయన పుస్తకం వెలువడింది.

ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించినవాడు సెయింట్ మార్టిన్. పేదరికం వల్ల ప్రయోగాలకు ఒప్పుకున్నాడు, ఇంటిమీద బెంగతో మధ్యలో వెళ్లిపోయాడు, మళ్లీ వచ్చాడు. 1880లో అతను చనిపోయినప్పుడు, వైద్యులు శవాన్ని కోసి చూస్తారన్న భయంతో కుటుంబం ఖననాన్ని ఆలస్యం చేసింది. జీర్ణక్రియ గురించి చదివే విద్యార్థులు వైద్యుడి పేరుతో పాటు అతని పేరునూ గుర్తుంచుకోవాలి.

ఆమ్లం ఒక్కటే మాంసాన్ని అంత త్వరగా కరిగించలేదు. 1836లో జర్మన్ శాస్త్రవేత్త థియొడోర్ ష్వాన్ జఠర రసంలో పెప్సిన్‌ను కనుగొన్నాడు. అది ప్రోటీన్లను విడగొట్టే ఎంజైము. పదేళ్ల తర్వాత పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ కథను జీర్ణాశయం దాటించాడు. కుందేలులో క్లోమ నాళం చిన్నపేగులో బాగా కిందికి వచ్చి తెరుచుకుంటుంది. కొవ్వు తిన్న కుందేలును పరిశీలిస్తే, సరిగ్గా ఆ చోటు దాటాకే కొవ్వును మోసే నాళాలు తెల్లబడి కనిపించాయి. కొవ్వు జీర్ణం కావడంలో క్లోమరసానిది ముఖ్యపాత్ర అని దానితో తెలిసింది.

ఇక మిగిలిన ప్రశ్న: ఏ రసం ఎప్పుడు ఊరాలో శరీరానికి ఎలా తెలుస్తుంది? సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పావ్లోవ్ ఒక కుక్క అన్నవాహికను మెడ దగ్గరే బయటికి తెరిచాడు. మింగిన మాంసం జీర్ణాశయం చేరకుండా బయట పడిపోయేది. అయినా కొద్ది నిమిషాల్లో జఠర రసం ఊరింది. మెదడు నుంచి జీర్ణాశయానికి వచ్చే వాగస్ నాడులను కోశాక ఊరలేదు. ఆదేశం నాడుల ద్వారా వస్తోందని తేలింది. ఈ పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి లభించింది.

క్లోమానికి కూడా నాడులే ఆదేశం ఇస్తాయని అందరూ అనుకున్నారు. 1902 జనవరిలో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి నాడులన్నీ తెంచి, రక్తనాళాలు మాత్రం ఉంచారు. అందులో ఆమ్లం పోశారు. నాడులు లేకున్నా క్లోమరసం కారింది. వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడగట్టి రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ కారింది. పేగు నుంచి రక్తంలో ప్రయాణించి క్లోమాన్ని చేరే ఆ రసాయనానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి రసాయన దూతలకు స్టార్లింగ్ 1905లో హార్మోన్ అనే పేరు వాడాడు. నాడీవ్యవస్థతో పాటు అంతఃస్రావ వ్యవస్థ కూడా శరీరాన్ని నడిపిస్తుందని తెలిసింది ఇక్కడి నుంచే.

నేటి చిత్రం ఇది. లాలాజలం పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. అన్నవాహిక కండరాలు ముద్దను కిందికి నెడతాయి. జీర్ణాశయం దాన్ని చిలుకుతుంది, ఆమ్లం, పెప్సిన్ కలుపుతుంది. కాబట్టి నూరడం అన్నవారి మాటలోనూ కొంత నిజముంది. ఆమ్లం చిన్నపేగును తాకగానే సెక్రెటిన్ రక్తంలో కలుస్తుంది. క్లోమం క్షారగుణం గల రసం వదిలి ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. కాలేయం తయారుచేసిన పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా చీలుస్తుంది. చిన్నపేగు లోపలి గోడ మీది లక్షలాది చూషకాలు పోషకాలను రక్తంలోకి, శోషరసంలోకి పీల్చుకుంటాయి. పెద్దపేగు నీటిని తిరిగి తీసుకుంటుంది.

ఆ చూషకాలు దెబ్బతింటే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఉష్ణమండల స్ప్రూ అనే గ్రహణి వ్యాధిలో జరిగేది అదే. 1895లో భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా ఆ జబ్బుతో బాధపడ్డారు. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డుగ్గర్ టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. నేటికీ ఉష్ణమండల స్ప్రూకు వైద్యులు ఇచ్చే ప్రధాన చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ జాతి మందు.

ఈ చరిత్రలో ఏ అవయవమూ ఒంటరిగా పనిచేయదని తేలింది. జీర్ణవ్యవస్థకు నాడులు, రక్తం, హార్మోన్లు అన్నీ కావాలి. బడిలో వ్యవస్థలను విడివిడి పాఠాలుగా చెప్పినా వాటి మధ్య సంబంధాన్ని కూడా చెప్పాలి. “ఇది ఎలా తెలిసింది?” అని అడిగే పిల్లవాడికి జవాబుతో పాటు ఆ ప్రయోగాన్నీ వివరించడం ఉపాధ్యాయుల బాధ్యత.