సున్నపు తేట: కలపడం సులువే, దాచడంలోనే ఉంది కథ

నంబులపూలకుంటలో ఉప్పునీళ్ల అక్వేరియం ఏంది, సముద్రమెక్కడ మనమెక్కడ అని చానామంది అడిగినారు. నిజమే. మా మండలంలో కనుచూపు మేర కనిపించేది సోలార్ ప్లేట్లే. అయినా నా గదిలో వంద లీటర్ల సముద్రం ఉంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు, రాళ్ల మీద గులాబీ రంగు పొర.

ఆ పొర పగడం కాదు, ఒక రకం నాచు. రాతి పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉండే లిస్టు అది. సముద్రంలోంచి తీసిన పగడం ఎవరన్నా అమ్మజూపితే కొనొద్దండి.

ఈ నాచు, నత్తలు నీళ్లలోని కాల్షియం లాక్కుని ఒళ్లు కట్టుకుంటాయి. అది మళ్లీ నింపాలి కదా? దానికే సున్నపు తేట. విదేశాల్లో రీఫ్ తొట్లు పెంచేవాళ్లు కాల్క్‌వాసర్ అంటారు. జర్మన్‌లో కాల్క్ అంటే సున్నం, వాసర్ అంటే నీళ్లు. పేరు పెద్దది, సరుకు మన అవ్వల నాటిదే.

ఇప్పుడు కలపడం చూద్దాం. గోడలకేసే సున్నం వద్దు, తాంబూలం సున్నం వద్దు. వాటిలో ఇంకేం కలిపినారో మనకు తెలీదు. రాతి సున్నం అసలే వద్దు, నీళ్లు తగిలితే సలసలా కాగుతుంది. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి తీసుకోండి. బోరు నీళ్లు కాకుండా ఆర్వో నీళ్లు వాడండి. లీటరుకి 2 గ్రాములు చాలు, ఎందుకంటే లీటరు నీళ్లలో కరిగేదే దాదాపు ఒకటిన్నర గ్రాము. ఇంకో తమాషా: చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది, సున్నం మాత్రం తక్కువ కరుగుతుంది. అందుకే మన ఎండల్లో క్యాన్ నీడన ఉండాలి. కళ్లద్దాలు, గ్లోవ్స్ పెట్టుకుని, మెల్లగా కలిపి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. పొద్దున్నకి పైన తేట, అడుగున మడ్డి. మనకు కావాల్సింది తేట ఒక్కటే.

దాని పీహెచ్ 12 పైనే ఉంటుంది, తొట్టి నీళ్లది 8 చిల్లర. కాబట్టి గబుక్కున పోయకూడదు. రాత్రిపూట, నీళ్లు జోరుగా తిరిగే చోట, సెలైన్ మాదిరి చుక్కచుక్కగా పడాల. రాత్రి నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చదు, పీహెచ్ దానంతటదే దిగుతుంది, ఈ చుక్కలు దాన్ని పట్టి నిలబెడతాయి. నా తొట్టికి రోజుకి పావు లీటరు సరిపోతోంది. ఆవిరైన మిగతా నీళ్లకి బదులు ఉత్త ఆర్వో నీళ్లే. మీరు ముందు ఆల్కలినిటీ కిట్‌తో కొలిచి, అప్పుడు మొదలుపెట్టండి. పీహెచ్ 8.5 దాటితే ఆపేయండి.

ఇంక అసలు విషయం. పోయిన ఎండాకాలం తేటను తాగేనీళ్ల ఖాళీ బాటిల్లో పోసి, తొట్టి పక్కన నేల మీద పెట్టినా. అచ్చం నీళ్లే, రంగు లేదు, వాసన లేదు. మా అక్క కొడుక్కి ఐదేళ్లు. ఆడుకుని వచ్చి, మూత తీసి, నోటి దగ్గరికి ఎత్తినాడు. నేను ఫోన్లో ఉన్నా. మంచం మీద నుంచి మా అవ్వ చూసింది. బాటిల్ గొంతు దగ్గర తెల్లటి పొర కనపడిందంట. "రేయ్, అది సున్నంరా!" అని లేచి చేత్తో కొట్టేసింది. బాటిల్ ఎగిరి వాని చొక్కా మీద, చేతుల మీద పడింది. కొళాయి కింద చానాసేపు కడిగి, కదిరి ఆసుపత్రికి తీసుకుపోయినాం. దేవుడి దయ, కంట్లో పడలేదు, నోట్లోకి పోలేదు.

ఆ రాత్రి అవ్వ నన్ను తిట్టలేదు. "నువ్వు పుట్టినప్పటి నుంచి నా సున్నపుకాయ అటక మీదే పెడ్తాండా. ఎందుకనుకుంటివిరా?" అనింది, అంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆ తెల్లపొర ఏందంటే, పదో తరగతిలో చూసినాం కదా, కార్బన్ డయాక్సైడ్ తగిలితే సున్నపు తేట పాలలా మారుతుందని? అదే. గాలి తగిలే కొద్దీ తేట పొర కట్టి బలం పోతుంది. అందుకే ఇప్పుడు నేను చేసేది: గట్టి మూత, కింద కొళాయి ఉన్న ప్లాస్టిక్ క్యాన్, అంచు దాకా నింపడం. పొర కడితే కదిలించను, దాని కింద నుంచే తీసుకుంటా. అల్యూమినియం గిన్నె వాడను, సున్నం దాన్ని తినేస్తుంది. వారానికి సరిపడా మాత్రమే కలుపుతా. క్యాన్ మీద ఎర్ర అక్షరాలతో "సున్నం, తాగరాదు" అని రాసినా. చదవడం రాని పిల్లల కోసం తాళం వేసిన అల్మారాలో పెడ్తా. పొడి డబ్బా కూడా అక్కడే.

ఒకవేళ కంట్లో పడితే నిమ్మరసం, వెనిగర్ లాంటివేవీ పోయొద్దు. పారే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోండి. మింగితే నోరు కడగండి, వాంతి చేయించొద్దు. తాంబూలం సున్నం ప్యాకెట్ నొక్కి కళ్లు పోగొట్టుకున్న పిల్లలు మన దేశంలో ఉన్నారు.

ఈ వీడియో అయిపోయినాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో తాగేనీళ్ల బాటిల్లో ఫినాయిలో, యాసిడో, ఇంకేదో పోసి పెట్టినారేమో చూడండి. ఉంటే ఇప్పుడే మార్చేయండి. వచ్చే ఎపిసోడ్లో కరెంటు పోయినప్పుడు చేపలకు గాలి ఎట్ల అందించాలో మాట్లాడుకుందాం. ఉంటా ఫ్రెండ్స్.