పసిబిడ్డకు నీడ, ఆయాకు జీతం
(ఇడపనూరు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తల్లి పత్తి మిల్లుకు వస్తే చంటిబిడ్డ ఎవరి ఒళ్లో? అక్క ఒళ్లో. ఆ అక్క బడి మానుతోంది.

మామూలు అంగన్‌వాడీలో కూర్చోబెట్టేది మూడేళ్లు నిండినవాళ్లనే. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలున్న చోట శిశుగృహం పెట్టమంది. 2017 ప్రసూతి చట్ట సవరణ ఆడా మగా కలిపి 50 మంది ఉంటే చాలంది. చిన్న జిన్నింగు మిల్లులో అంతమంది ఉండరు. కనుక పంచాయతీయే దిక్కు. కర్ణాటక ప్రభుత్వం 2023లో 'కూసిన మనె' పేర 4,000 పంచాయతీలకు శిశుగృహాలు ప్రకటించింది, ఉపాధి హామీ కూలీల బిడ్డల కోసం. ఆ తలుపు మిల్లు కూలీల బిడ్డలకూ తెరవాలి.

గది పంచాయతీ ఇవ్వాలి. పాల ఖర్చు మిల్లులు పంచుకోవాలి. ఆయా కూడా కూలి మనిషే. ఆమెకు నెలనెలా జీతం అందాలి. రాబోయే గ్రామసభకు తండ్రులూ రండి. బిడ్డ తల్లి ఒక్కదానిదే కాదు!